డ్యాష్‌బోర్డ్ మీద ఆ నిగనిగ దేన్ని కాపాడుతోంది?

సర్వీసింగ్‌కి ఇచ్చిన కారు తిరిగొచ్చాక తలుపు తీయగానే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి వాసన, రెండోది డ్యాష్‌బోర్డ్ మెరుపు. తాకితే వేలికి కాస్త జిడ్డు అంటుతుంది. ఎండలో బండి రోడ్డెక్కితే ముందద్దంలో డ్యాష్‌బోర్డ్ ఆకారం లీలగా తేలుతుంది. "ప్రొటెక్షన్ కొట్టాం సార్" అంటారు ఇచ్చేవాళ్లు. దేన్నుంచి ప్రొటెక్షన్ అని అడిగితే మాత్రం మనిషికో జవాబు. ఎండ నుంచి అని ఒకరు, దుమ్ము నుంచి అని ఒకరు, బీటల నుంచి అని ఇంకొకరు. అసలు అవి పూయడం వల్లే డ్యాష్‌బోర్డులు పగులుతాయని గట్టిగా నమ్మేవాళ్లూ తక్కువేమీ కాదు.

ఈ మాటలన్నిటిలోనూ ఎంతో కొంత నిజముంది. చిక్కేమిటంటే, ఒక్కొక్కరు ఒక్కో వస్తువును మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. డ్యాష్‌బోర్డ్, బయట రంగు వేయని నల్ల ప్లాస్టిక్ ట్రిమ్, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, లెదర్ సీటు, వీటిలో దేని శత్రువు దానిదే. శత్రువెవరో తెలియకుండా డాలు కొనుక్కున్నట్టుంది ఇప్పటి వ్యవహారం.

## సీసా మీది పేరు, సీసాలోని సరుకు

డ్రెస్సింగ్ అంటే ముఖ్యంగా రూపం కోసం పూసేది. ఆరిపోయాక కూడా ఉపరితలం తడిగా, ముదురుగా కనిపిస్తుంది. ప్రొటెక్టెంట్ అన్నదాంట్లో దాదాపు అదే సరుకు ఉంటుంది, దానికి తోడు అతినీలలోహిత కిరణాలను (అందరూ యూవీ అనేవి ఇవే) పీల్చుకునే రసాయనమో, దుమ్మును లాగకుండా చేసే యాంటీస్టాటిక్ పదార్థమో కలుస్తుంది. కండిషనర్ లెదర్‌కి సంబంధించిన మాట. రిస్టోరర్ తెల్లబారిన ట్రిమ్‌కి నలుపు తెచ్చేది, కొన్నిట్లో నేరుగా రంగే ఉంటుంది. కోటింగ్ అంటే పూశాక గట్టిపడి అతుక్కుపోయేది, గుడ్డతో తుడిస్తే పోనిది. అయితే ఈ పేర్ల మధ్య గీతలు గట్టివి కావు. ఒకరు డ్రెస్సింగ్ అని అమ్మేదాన్నే ఇంకొకరు ప్రొటెక్టెంట్ అని అమ్ముతారు.

కాబట్టి పేరు పక్కనపెట్టి రెండు ప్రశ్నలు వేసుకుంటే సగం అయోమయం తీరుతుంది. సరుకును మోసుకొచ్చేది ఏమిటి? అది ఎగిరిపోయాక మిగిలేది ఏమిటి? మోసుకొచ్చేది నీళ్లు కావచ్చు, పెట్రోలియం నుంచి తీసిన సాల్వెంట్ (వేరే పదార్థాలను కరిగించే ద్రవం) కావచ్చు. మిగిలేది సిలికోన్ నూనె, యాక్రిలిక్ పాలిమర్ (చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థాన్ని పాలిమర్ అంటారు), మైనం, లేదా జిగురులా ఉండి గట్టిపడే రెసిన్. పాలలా తెల్లగా ఉండే ద్రవాలు ఎక్కువగా నీళ్లలో సిలికోన్ నూనెను చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి నిలబెట్టినవి, వీటినే ఎమల్షన్ అంటారు.

ఇక్కడ తెలుగులో ఒక తిరకాసు ఉంది. మూడు వేర్వేరు పదార్థాలను మనం ఒకే నోటితో "సిలికాన్" అనేస్తాం. సిలికాన్ అనేది మూలకం, చిప్పుల్లో వాడేది. సిలికా అంటే ఇసుకలో ఉండేది. సిలికోన్ అంటే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గొలుసుకట్టుగా అల్లుకున్న పాలిమర్. తల వెంట్రుకలకు రాసుకునే సీరమ్‌లో డైమెథికోన్ అని రాసి ఉండేది ఇదే. కారు డ్రెస్సింగుల్లో ఉండేదీ ఎక్కువగా ఈ కుటుంబమే. "సిరామిక్" అని అమ్మే కోటింగులు ఇదే కుటుంబానికి దూరపు చుట్టాలు, కొలిమిలో కాల్చిన పింగాణీతో వాటికి సంబంధం లేదు.

## గాజు బయటి ఎండ వేరు, గాజు వెనక ఎండ వేరు

"డ్యాష్‌బోర్డ్‌ని యూవీ తినేస్తుంది" అన్న మాట వినగానే మనం కారు లోపలా బయటా ఒకే ఎండ ఉందనుకుంటాం. ముందద్దం మామూలు గాజు కాదు. రెండు గాజు పలకల మధ్య ఒక ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గ్లాసు. ప్రమాదంలో ముక్కలు చెదరకుండా పెట్టిన ఆ పొర యూవీని కూడా పీల్చేసుకుంటుంది. 2016లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశీలనలో 15 కంపెనీల 29 కార్ల అద్దాలను కొలిచి చూశారు. యూవీలో గాజును ఎక్కువగా దాటగలిగే రకం యూవీ-ఏ. దాన్ని ముందద్దాలు సగటున 96 శాతం ఆపాయి. పక్క అద్దాల సగటు 71 శాతమే. అందులోనూ ఒక కారుది 44 శాతమైతే ఇంకోదానిది 96. పక్క అద్దాలు చాలావరకు ఒంటి పలక టెంపర్డ్ గ్లాసులు కావడం దీనికి కారణం.

లెక్క వేసి చూడండి. బయట వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ మీద పడే యూవీ-ఏ 100 పాళ్లు అనుకుంటే, దానికి మూరెడు దూరంలో అద్దం వెనక ఉన్న డ్యాష్‌బోర్డ్ మీద పడేది 4 పాళ్లు. అంటే 25 రెట్ల తేడా. డోర్ ప్యాడ్ మీద, సీటు పక్కల మీద పడేది వీటి మధ్యలో, 29 పాళ్ల దగ్గర. ఒకే సీసాను ఈ మూడు చోట్లా వాడమని లేబుల్ చెప్పినా, మూడు చోట్లా దాని పని ఒకటి కాదు.

డ్యాష్‌బోర్డ్‌కి ఎండ వల్ల నష్టమే లేదని దీనర్థం కాదు. మిగిలిన ఆ కాస్త యూవీ, దానికి తోడు కంటికి కనిపించే వెలుతురు కూడా రంగులను వెలిసిపోయేలా చేస్తాయి. బట్ట సీట్లు, వెనక అద్దం కింద పరిచిన బట్ట త్వరగా పాలిపోయేది ఇందుకే. గట్టి నల్ల ప్లాస్టిక్‌కి మాత్రం ఇంకో రక్షణ పుట్టుకతోనే ఉంది. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ యూవీని బాగా ఆపుతుంది. తయారీలోనే, ఎండకూ వేడికీ త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్లు కూడా కలుపుతారు. ఎండను పోలిన వెలుతురునిచ్చే జెనాన్ దీపాల కింద గంటల తరబడి పరీక్షించాకే ఆ భాగాలు బండికి ఎక్కుతాయి.

## అసలు శత్రువు వేడి

2018లో ప్రచురితమైన ఒక పరిశీలన కోసం, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీ నగరంలో పరిశోధకులు వేసవి ఎండలో కార్లు నిలిపి లోపలి వేడిని కొలిచారు. గంటసేపు ఎండలో ఉన్న కార్లలో డ్యాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కి చేరింది. స్టీరింగ్ 53, సీట్లు 51. అదే గంట నీడలో ఉంచిన కార్లలో డ్యాష్‌బోర్డ్ 48 డిగ్రీల దగ్గర ఆగింది.

రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ప్రతి పదార్థానికీ అచ్చంగా సరిపోయేది కాదు గానీ, అంచనాకు పనికొస్తుంది. 69కీ 48కీ తేడా 21 డిగ్రీలు. అంటే రెండు రెట్టింపులు. ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డ్ ముసలితనం నీడలో దానికంటే నాలుగు రెట్ల వేగంతో ముంచుకొస్తుందన్నమాట. ఏ సీసాలోని ద్రవమూ ఈ 21 డిగ్రీలను తగ్గించదు. చెట్టు నీడ తగ్గిస్తుంది. అద్దానికి అడ్డంగా పెట్టే సన్‌షేడ్ కూడా డ్యాష్‌బోర్డ్ మీద నేరుగా పడే ఎండను తప్పిస్తుంది.

కొన్ని డ్యాష్‌బోర్డుల మీద ఉండే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ తొడుగుల విషయంలో వేడి చేసే నష్టం ఇంకా స్పష్టం. పీవీసీ స్వతహాగా గట్టిది. వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది ప్లాస్టిక్‌తో రసాయన బంధం పెట్టుకోదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, అంతే. వేడికి మెల్లగా బయటికొచ్చి ఆవిరవుతుంది. ఎండలో నిలిపిన కారు ముందద్దం లోపలివైపు పట్టే, ఎంత తుడిచినా చారలు పడే ఆ జిడ్డు పొరలో కొంత ఇదే. వాహన పరిశ్రమలో దీన్ని ఫాగింగ్ అంటారు, కొలవడానికి డీఐఎన్ 75201 అనే ప్రమాణం కూడా ఉంది. ప్లాస్టిసైజర్ పోయిన కొద్దీ తొడుగు కుంచించుకుని, పెళుసుబారి, ఒకరోజు స్పీకర్ జాలీ అంచు దగ్గర బీటిస్తుంది.

## ఒక చెంచాడు ద్రవం ఎంత మందం?

ఇప్పుడు సీసా మీద ఉండే "యూవీ రక్షణ" మాటకు వద్దాం. అబద్ధమని కొట్టిపారేయాల్సింది కాదు. యూవీని పీల్చుకునే రసాయనాలు నిజంగానే ఉన్నాయి. ప్రశ్న మందం గురించి.

డ్యాష్‌బోర్డ్ వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుందాం. దాని మీద 5 మిల్లీలీటర్ల ద్రవం, అంటే ఒక టీస్పూను, సమానంగా పరిస్తే పొర మందం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్‌ని ప్రయోగశాలలో పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు, అది దాదాపు 20 మైక్రాన్ల మందం. ఎస్‌పీఎఫ్ 30 అంటే ఆ మందంలో ముప్పయ్యో వంతు, మూడు శాతానికి కాస్త పైన, లోపలికి పోతుందని.

మన సీసాలో ఆ సన్‌స్క్రీన్‌లో ఉన్నంత చిక్కగా యూవీ రసాయనం ఉందనే ఉదారంగా ఒప్పుకుందాం. పొర మందం తగ్గితే ఆపే శక్తి సమపాళ్లలో కాదు, ఇంకా వేగంగా పడిపోతుంది. 20 మైక్రాన్ల దగ్గర 3 శాతం దాటితే, 5 మైక్రాన్ల దగ్గర 43 శాతం దాటుతుంది. ఆపైన మనం పొడి గుడ్డతో తుడుస్తాం. లేబులే తుడవమంటుంది, లేకపోతే జిడ్డు. తుడిచాక ఐదో వంతు, ఒక్క మైక్రాన్, మిగిలిందనుకుంటే 84 శాతం దాటిపోతుంది.

ఇది కాగితం మీది లెక్క. పొర ఎక్కడా ఒకే మందంగా ఉండదు, ఉత్పత్తుల చిక్కదనం వేరు. ఉత్పత్తిదారుల వైపు నుంచి చూస్తే వాళ్ల వాదన కూడా తీసేయదగ్గది కాదు: ఆగిన ఆ 16 శాతం ఏళ్ల తరబడి ఆగితే అది లెక్కలోకి వచ్చేదే, పైగా క్రమం తప్పక పూయమని వాళ్లు ముందే చెబుతున్నారు. బయట ట్రిమ్ మీద, 100 పాళ్లు పడే చోట, ఈ వాదనకు బలం ఎక్కువ. 4 పాళ్లు పడే డ్యాష్‌బోర్డ్ దగ్గర తక్కువ. లోపలికి కొనేటప్పుడు యూవీ మాటకు ఎక్కువ విలువ కట్టనక్కర్లేదని నాకనిపించేది ఈ లెక్కవల్లే.

మరి లోపల పూసి ప్రయోజనం ఏమిటి? ఉంది. పొర ఉన్న ఉపరితలం మీద చేతి జిడ్డు, చెమట, దుమ్ము నేరుగా ప్లాస్టిక్ గరుకులోకి దిగవు. తడి గుడ్డతో తేలిగ్గా వస్తాయి. గోరు తగిలితే తెల్లగీత పడటం తగ్గుతుంది. ఇవి చిన్న లాభాలే, కానీ నిజమైనవి.

## సిలికోన్ పగలగొడుతుందా?

ఈ రంగంలో ఎడతెగని గొడవ ఇది. ఒక పక్షం వాదన: సిలికోన్ ఉన్నవి పూసిన డ్యాష్‌బోర్డులే పగిలాయి, అవి ప్లాస్టిక్‌లోని నూనెను లాగేస్తాయి, ఒకసారి మొదలుపెడితే మానలేం. రెండో పక్షం వాదన: సిలికోన్ నూనె దేనితోనూ తొందరగా చర్య జరపని పదార్థం, దేన్నీ లాగదు.

రసాయనం చూస్తే రెండో పక్షానికే మొగ్గు. సిలికోన్ నూనె చాలా జడమైనది, ప్లాస్టిసైజర్లను పెద్దగా కరిగించుకోదు. కానీ మొదటి పక్షం చూసిన పగుళ్లు కళ్లతో చూసినవే. పాత కార్ల డ్యాష్‌బోర్డుల్లో చాలా వాటికి నురుగు మీద పరిచిన పీవీసీ తొడుగు ఉండేది. ఎండలో నిలిచే కార్లవి ఎలాగూ పగిలేవి. డ్యాష్‌బోర్డ్ వెలవెలబోతోందని ద్రవం పూసింది కూడా సరిగ్గా ఆ కార్ల వాళ్లే. పైగా నూనెను మోసుకొచ్చేది పెట్రోలియం సాల్వెంట్ అయితే, అది ప్లాస్టిసైజర్‌ను కరిగించగలదు. తప్పు సాల్వెంట్‌ది, పేరు పడ్డది సిలికోన్‌కి. ఇప్పుడు చాలా కార్ల డ్యాష్‌బోర్డులు పాలీప్రొపిలీన్ రకం గట్టి ప్లాస్టిక్. అందులో లాగేయడానికి ఆ ప్లాస్టిసైజరే లేదు.

"మొదలుపెడితే మానలేం" అన్నదానికి రసాయనంతో పని లేదు. నెల రోజులు ముదురు నలుపుకి అలవాటైన కంటికి, పొర పోయాక బయటపడే మామూలు రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. అది పూయకముందు ఉన్న రంగే.

సిలికోన్ మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది, అది పెయింటర్లది. దీనికి ఎక్కడికైనా సన్నగా పాకే గుణం ఉంది. బంపర్ ట్రిమ్ మీద కొట్టిన తుంపర పక్కనున్న పెయింట్ ప్యానెల్ మీద పడుతుంది. తర్వాత ఎప్పుడో ఆ ప్యానెల్‌కి రంగు వేయాల్సి వస్తే, సిలికోన్ మిగిలిన చోట రంగు పరుచుకోకుండా గుండ్రటి గుంటలు పడతాయి. వాళ్లు వాటిని ఫిష్ ఐ అంటారు. పెయింట్ పని చేసే షెడ్డులో డ్రెస్సింగ్ సీసా కనబడితే విసుక్కుంటారు, విసుక్కోవడంలో న్యాయం ఉంది.

## లేబుల్ చెప్పనిది డేటా షీట్ చెబుతుంది

"నాన్-గ్రీసీ", "నేచురల్ ఫినిష్", "అడ్వాన్స్‌డ్ పాలిమర్" వంటి మాటల నుంచి ఏమీ తేలదు. రసాయన ఉత్పత్తులకు కంపెనీలు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్ ఇంతకంటే నిజాయితీగా మాట్లాడుతుంది. ప్రపంచమంతా అనుసరించే పద్ధతిలో అందులో 16 భాగాలుంటాయి. మనకు కావాల్సినవి రెండే. మూడో భాగంలో హాని చేయగల పదార్థాల పేర్లు, తొమ్మిదో భాగంలో ఫ్లాష్ పాయింట్ (ద్రవం ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత), పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 అయితే రెండూ కాదు) వంటి గుణాలు.

ఊహించిన రెండు సీసాలు తీసుకుందాం. మొదటిదాని మూడో భాగంలో "పెట్రోలియం డిస్టిలేట్స్" అనో "నాఫ్తా" అనో పెద్ద శాతంతో ఉంది, తొమ్మిదో భాగంలో ఫ్లాష్ పాయింట్ 45 డిగ్రీలు. అంటే సాల్వెంట్ మోసుకొచ్చే సరుకు. బయట టైరు పక్కలకు, ట్రిమ్‌కి అమ్మేవాటిలో ఈ రకం కనిపిస్తుంది. నీళ్లకు త్వరగా పోదు, మెరుపు ఎక్కువ. మెత్తటి తొడుగుల మీద, మూసిన కారు లోపల దీనికి చోటు లేదు. రెండోదాని మూడో భాగంలో ప్రిజర్వేటివ్ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు, మండే గుణం లేదు, పీహెచ్ 7 దగ్గర. నీళ్లు మోసుకొచ్చే ఎమల్షన్. లోపలికి ఈ రకమే.

మిగిలేది ఏమిటో మాత్రం డేటా షీట్ ఒక్కోసారి దాటవేస్తుంది, ఎందుకంటే సిలికోన్ నూనెను ప్రమాదకర పదార్థంగా రాయాల్సిన పని ఉండదు. అక్కడ చెయ్యే పరీక్ష. ఒక మూల పూసి, ఆరాక, తెల్ల టిష్యూతో రుద్ది చూస్తే జిడ్డు మరక వస్తుందా లేదా తెలుస్తుంది.

## మెరుపుకు అద్దం చెల్లించే మూల్యం

డ్యాష్‌బోర్డును కంపెనీ గరుకుగా, మ్యాట్‌గా తయారుచేయడం పొదుపు కోసం కాదు. దాని మీద పడ్డ వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోవాలి. గరుకులో నూనె నిండి నునుపైతే, వెలుతురు ఒకే దిక్కున తిరిగి ముందద్దం మీద పడుతుంది. సాయంత్రం పడమటికి నడిపేటప్పుడు రోడ్డుకీ కంటికీ మధ్య ఒక తెల్లటి తెర దించినట్టుంటుంది. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి మెరుపు గురించే అనిపిస్తుంది నాకు. డ్యాష్‌బోర్డ్ పైభాగానికి మ్యాట్ ఫినిష్ అన్నది అభిరుచి కాదు, చూపుకు సంబంధించిన విషయం. డోర్ ప్యాడ్ల కింది భాగంలో ఎవరి ఇష్టం వారిది.

స్టీరింగ్, గేర్ నాబ్, పెడల్స్, డ్రైవర్ కాళ్ల కింద రబ్బరు మ్యాట్, ఈ నాలుగింటి మీద జారే పదార్థం ఏదీ ఉండకూడదు. ఎయిర్‌బ్యాగ్ కవర్ల గురించి కొన్ని కార్ల మాన్యువల్స్‌లో ప్రత్యేక హెచ్చరిక ఉంటుంది: సాల్వెంట్ ఉన్న క్లీనర్లు తగిలితే ప్లాస్టిక్ గుల్లబారి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ముక్కలు ఎగిరి గాయపరచవచ్చని.

## నల్ల ట్రిమ్ బూడిదరంగుకి ఎందుకు తిరుగుతుంది

అసలు సమరమంతా బయటే. బంపర్ కింది అంచు, చక్రాల పైన క్లాడింగ్, వైపర్ల కింద జాలీ, ఇవన్నీ రంగు వేయని పాలీప్రొపిలీన్ రకాలు. పెయింట్ మీద ఉండే పారదర్శక పొర, క్లియర్ కోట్, రక్షణ వీటికి లేదు. యూవీ, ఆక్సిజన్ కలిసి పైపొరలో పాలిమర్ గొలుసులను తెంచుతాయి. ఉపరితలం మీద కంటికి ఆనని బీటలు వస్తాయి, పొడి లేస్తుంది. చిత్రమేమిటంటే, లోపలి నలుపు ఎక్కడికీ పోలేదు. పైన పగిలిన ఆ పలుచటి పొర వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తోంది.

తడిస్తే మళ్లీ నల్లబడటం మీరు చూసే ఉంటారు. వానలో కొత్తదానిలా ఉన్న బంపర్ ఆరాక మళ్లీ బూడిద. వెలుతురును ఒక పదార్థం ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. ప్లాస్టిక్‌ది 1.5 చుట్టూ ఉంటుంది, గాలిది 1. బీటల్లో గాలి ఉంటే ఈ పెద్ద తేడా దగ్గర వెలుతురు చెదురుతుంది. గాలి స్థానంలో నీళ్లు చేరితే గుణకం 1.33, సిలికోన్ నూనె చేరితే 1.4. తేడా తగ్గింది, చెదరడం తగ్గింది, నలుపు తేలింది. డ్రెస్సింగ్ చేసే మాయ అంతా ఇదే. నీళ్లు గంటలో ఆరిపోతాయి, నూనె వారాలు ఉంటుంది. వానకు, కడుగులకు అది కారిపోతుంది, అప్పుడు తలుపు మీద జిడ్డు చారలు.

ఈ సంగతి తెలిస్తే ఎంపికకు తేలికైన పరీక్ష ఒకటి చేతికొచ్చినట్టే. ట్రిమ్‌ను బాగా కడిగి ఆరబెట్టి, ఒక మూల తడి వేలితో రాస్తే నల్లబడిందా? అయితే సమస్య పైపొర బీటలే. దాన్ని నింపే ఏ పద్ధతైనా పనిచేస్తుంది. తడిసినా మచ్చలు మచ్చలుగా తెల్లగానే ఉందా? అయితే అక్కడ బహుశా ఎండిన కారు వ్యాక్స్ గరుకులో ఇరుక్కుని ఉంటుంది. దాని మీద ఏది పూసినా మచ్చ పోదు. ముందు మెత్తటి బ్రష్‌తో, క్లీనర్‌తో దాన్ని తీయాలి.

నింపే పద్ధతుల మధ్య తేడా ఎంతకాలం అన్నదాంట్లో ఉంది. నూనె డ్రెస్సింగ్ తేలిక, తప్పు జరిగినా కడిగేయొచ్చు, కానీ మళ్లీ మళ్లీ పూయాలి. జిగురుగా ఉన్నంతకాలం దుమ్మూ పడుతుంది. యాక్రిలిక్ పాలిమర్ రకాలు ఆరిపోయి పొరగా మిగులుతాయి, దుమ్ము తక్కువ. గట్టిపడే కోటింగులు నెలల తరబడి నిలుస్తాయి, కానీ తప్పును కూడా అంతకాలం నిలబెడతాయి. కింద జిడ్డు మిగిలితే మచ్చలుగా అతుక్కుంటాయి, చారలు పడితే రుద్ది తీయాల్సిందే. వీటికి ముందు చేసే శుభ్రతే ముక్కాలు పని. పాత డ్రెస్సింగ్ పూర్తిగా పోయిందని నమ్మకం లేనప్పుడు కోటింగ్ కంటే డ్రెస్సింగే మేలని నా లెక్క.

హీట్ గన్‌తో కాల్చే వీడియోలు చూసి ఆశ్చర్యపోనివాళ్లు ఉండరు. బూడిద ప్లాస్టిక్ క్షణంలో నల్లబడుతుంది. పైపొర మెత్తబడి బీటలు పూడుకోవడం వల్ల వచ్చే ఫలితమది. తెగిన గొలుసులు అతకవు కాబట్టి బూడిదరంగు తిరిగొస్తుంది. చెయ్యి ఒక్క చోట ఎక్కువసేపు నిలిస్తే ట్రిమ్ వంకరపోతుంది, గరుకు అచ్చు చెరిగిపోతుంది. అది మాత్రం తిరిగి రాదు.

## లెదర్‌కి మేత అవసరమా?

కార్లలో వాడే లెదర్‌లో అత్యధికం పైన రంగు పొర, దాని మీద పాలీయురేథేన్ పొర వేసినది. మన చెయ్యి తాకేది ఆ పొరనే. అందుకే కండిషనర్ నూనె లోపలికి దిగి "పోషిస్తుంది" అన్నది ఇలాంటి సీటుకు పెద్దగా వర్తించదు. కుట్ల దగ్గర, చిల్లుల దగ్గర, పగిలిన చోట కాస్త దిగుతుందేమో. పైపొర లేని అనిలీన్ లెదర్, పాత కార్ల లెదర్ వేరు. అవి నిజంగా పీలుస్తాయి, కండిషనర్ వల్ల మెత్తబడతాయి. ఒక చుక్క నీళ్లు వేస్తే తేడా బయటపడుతుంది. చుక్క ముత్యంలా నిలిస్తే పైపొర ఉంది, ఇంకి మచ్చ పడితే లేదు.

పైపొర ఉన్న సీటుకి శత్రువులు చెమట, చర్మపు జిడ్డు, ఎక్కి దిగేటప్పటి రాపిడి, చేతులకు రాసుకునే శానిటైజర్. లేత రంగు సీటుకైతే కొత్త జీన్స్ వదిలే నీలం కూడా. ఇక్కడ లెదర్ కోసమే చేసిన పలుచటి కోటింగ్‌కు అర్థం ఉంది. మరక నేరుగా రంగు పొరకు చేరకుండా అది మధ్యలో నిలబడుతుంది. రెగ్జిన్ సీటు, పేరేదైనా, ప్లాస్టిక్కే. దానికి లెదర్ కండిషనర్‌తో పనిలేదు.

స్వేడ్‌లా కనిపించే అల్కాంతరా పాలిస్టర్, పాలీయురేథేన్‌లతో చేసిన సన్నపోగుల బట్ట. దాని మీద ఏ డ్రెస్సింగ్ పడినా పోగులు అట్టకట్టుకుపోతాయి.

## రబ్బరు, స్క్రీన్, జిగట బటన్లు

తలుపుల బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరు. ఎండను, ఓజోన్‌ను బాగా తట్టుకుంటుంది గానీ పెట్రోలియం నూనెలకు ఉబ్బుతుంది. అందుకే దీనికి గ్రీజు, వాజలైన్ వంటివి నప్పవు, సిలికోన్ నప్పుతుంది. అందరూ తిట్టే సిలికోన్‌కి దొరికిన మంచి ఉద్యోగం ఇది. కీచుమనే తలుపు, అంటుకుపోయే బీడింగ్ దానితో కుదుటపడతాయి.

టచ్ స్క్రీన్‌కీ, మీటర్ల ముందున్న పారదర్శక ప్లాస్టిక్‌కీ, నల్లగా అద్దంలా మెరిసే పియానో బ్లాక్ ప్యానెల్‌కీ ప్రొటెక్టెంట్ అక్కర్లేదు. వాటికి గీతలే శత్రువు, గీతలు పెట్టేది పొడి గుడ్డతో దుమ్మును రుద్దే మన చెయ్యి.

మిగిలింది జిగట బటన్లు. కొన్ని కార్లలో ఏళ్లు గడిచాక కిటికీ స్విచ్చులు, ఏసీ నాబ్‌లు వేలికి అంటుకుంటాయి. జిడ్డు పట్టిందనుకుని చాలామంది క్లీనర్ కొట్టి, దాని మీద ప్రొటెక్టెంట్ పూస్తారు. వారానికి మళ్లీ అదే జిగట. అది మురికి కాదు. మెత్తటి స్పర్శ కోసం కంపెనీ వేసిన పాలీయురేథేన్ రకం పూత తేమకూ వేడికీ విడిపోతోంది. పూయాల్సింది ఏమీ లేదు. ఆ పూతను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిచి పూర్తిగా తీసేస్తే కింద గట్టి ప్లాస్టిక్ శుభ్రంగా బయటపడుతుంది. బటన్ల మీది గుర్తులు అచ్చువేసినవైతే పూతతో పాటు అవీ పోతాయి, తుడవబోయే ముందు చూసుకోవాల్సింది అది.